చేయి రోబోది.. పట్టు స్పిండిల్‌ది

కొలకలూరు (తెనాలి): సింహద్వారానికి టేకు తలుపు చేయించి, దానిపై పద్మం చెక్కించాలన్న కోరిక పల్లెల్లో నేటికీ తగ్గలేదు. మారింది చెక్కే చేయి మాత్రమే. ఒకనాడు వడ్రంగి ఉలితో రోజుల తరబడి చేసిన పనిని నేడు పట్టణాల్లోని కంప్యూటర్ చెక్కుడు యంత్రాలు ఒక్క పూటలో ముగిస్తున్నాయి. ఈ విలేకరి కూడా తన ఇంటి తలుపును అటువంటి ఒక దుకాణానికి అప్పగించాడు. తిరిగి వచ్చిన తలుపుపై పద్మం ఉంది గానీ, ఎడమవైపు రేకుల అంచులు మాడి నల్లబడ్డాయి. నునుపుగా ఉండవలసిన వంపులు చేతికి గరుకుగా, అలలు అలలుగా తగిలాయి. బొమ్మ గీసిన కంప్యూటర్‌దే తప్పని దుకాణదారుడు, కర్ర పచ్చిదని అతని సహాయకుడు వాదించారు. చివరకు తేలిన కారణం ఈ రెండూ కాదు. తిరిగే బిట్టును పట్టి ఉంచే కొల్లెట్ అనే చిన్న ఉక్కు గొట్టం చీలికల్లో ఇరుక్కున్న రంపపు పొట్టే ఇంత పని చేసింది.

వేల రూపాయల టేకును చిటికెడు పొట్టు పాడుచేయడం ఒక ఇంటి నష్టం. అయితే అదే పొట్టు, అదే పట్టు లోపం పెద్ద కర్మాగారాల్లోని రోబో చేతి చివర ఏర్పడితే నష్టం లెక్కలు వేరుగా ఉంటాయి. దుగ్గిరాల, తెనాలి స్టేషన్ల మధ్యనున్న కొలకలూరులో రైలెక్కి విజయవాడ, హైదరాబాద్, చెన్నై వైపు పనులకు వెళ్లే ఐటీఐ, పాలిటెక్నిక్ యువకులు ఈ ప్రాంతంలో తక్కువేమీ కాదు. రోబో అనగానే వారి దృష్టి సహజంగానే ఆరు కీళ్ల ఆ పెద్ద చేతి మీద నిలుస్తుంది. కోత పనిలో మంచి చెడ్డలను నిర్ణయించేది మాత్రం ఆ చేతి కొసన మోరెడు పొడవు కూడా ఉండని స్పిండిల్ మోటారు, అది పనిముట్టును పట్టుకునే తీరు. దీనిని గురించి తెలుగులో వివరంగా చెప్పినవారు తక్కువ కావడంతో ఈ ప్రయత్నం.

వంటింట్లోనే ఉంది నమూనా

స్పిండిల్ అంటే మోటారు శక్తితో తిరిగే ఇరుసు. మామూలు మోటారు ఇరుసుకు, దీనికి భేదం మూడు విషయాల్లో ఉంది. దీని బేరింగులు పక్కబలాన్నీ, నిలువు బలాన్నీ ఏకకాలంలో తట్టుకునేలా, ముందుగానే కొంత ఒత్తిడితో బిగించి ఉంటాయి. ఇరుసు అటూ ఇటూ ఊగే తేడా మిల్లీమీటరులో వందో వంతు కంటే ఎంతో తక్కువ. ఇరుసు ముందు భాగంలో పనిముట్టు కూర్చునేందుకు గరాటు వంటి రంధ్రం ఉంటుంది. దానినే టేపర్ అంటారు.

ఇంట్లో మిక్సీని గుర్తుకు తెచ్చుకుంటే సగం అర్థమైనట్లే. మోటారు ఒక్కటే, జార్లు మూడు. చట్నీకి ఒకటి, పొడికి ఒకటి, పిండికి ఒకటి. ఏ జారు పెట్టినా అడుగునున్న పళ్ల చక్రం కింది చక్రంలో సరిగా కూర్చోవాలి. కూర్చోకపోతే గడగడమని శబ్దం, మరికొంతసేపటికి పళ్లు అరిగిపోవడం గృహిణులకు తెలిసినదే. రోబో గదిలోనూ మోటారు ఒక్కటే ఉంటుంది. రంధ్రం వేసే డ్రిల్లు, చదును చేసే కట్టరు, మర కోసే ట్యాపు ఒక్కొక్కటీ ఒక్కొక్క హోల్డరులో బిగించి పక్కనున్న అరలో వరుసగా నిలబెట్టి ఉంచుతారు. రోబో తానే అర వద్దకు వెళ్లి, చేతిలోని హోల్డరును వదిలి, తరువాతి పనికి కావలసిన దానిని తగిలించుకుని వస్తుంది. ఇదంతా కొన్ని సెకన్ల పని.

ఇక సర్వో అనే మాట. మిక్సీలో మినప్పిండి గట్టిపడితే మోటారు వేగం తగ్గి మూలుగుతుంది. తాను ఎంత వేగంగా తిరుగుతున్నదీ ఆ మోటారుకు తెలియదు. సర్వో మోటారుకు తెలుస్తుంది. కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల మీద లస్కరు చేసే పని చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. అతడు షట్టరు ఎత్తి ఇంటికి పోడు. కొలబద్ద మీద నీటిమట్టం చూస్తాడు, తగ్గితే మరికొంత ఎత్తుతాడు, పెరిగితే దించుతాడు. సర్వో మోటారు వెనుక ఎన్‌కోడర్ అనే కొలబద్ద ఉంటుంది. ఇరుసు ఈ క్షణాన ఏ కోణంలో ఉన్నదో అది చెబుతూ ఉంటుంది. డ్రైవ్ అనే విద్యుత్ పెట్టె ఆ కబురు అందుకుని సెకనుకు వేలసార్లు కరెంటును సరిచేస్తుంది. ఉక్కులో డ్రిల్లు దిగి బరువు పెరిగినా చుట్లు దాదాపు తగ్గవు.

వేగం నిలపడం ఒక్కటే అయితే ఇంత ఖర్చు అనవసరమని కొందరు అనవచ్చు. అసలు ప్రయోజనం మరొకటి ఉంది. 6 మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణంగా వాడే మర ఒక చుట్టుకు 1 మిల్లీమీటరు ముందుకు సాగుతుంది. రంధ్రం లోపల ఆ మర కోయాలంటే ట్యాపు ఒక చుట్టు తిరిగినప్పుడు సరిగ్గా 1 మిల్లీమీటరే దిగాలి, అడుగున ఆగి అదే లెక్కన వెనక్కు తిరుగుతూ రావాలి. తిరుగుడుకు, దిగుడుకు లంకె తప్పితే ట్యాపు రంధ్రంలోనే విరుగుతుంది. లేతు షాపులో విరిగిన ట్యాపును బయటకు లాగడానికి పడే పాట్లు ఆ పని చేసినవారినే అడగాలి. అంతే కాక హోల్డరు మార్చేటప్పుడు స్పిండిల్ ప్రతిసారీ ఒకే కోణంలో ఆగాలి. చాలా హోల్డర్ల అంచున రెండు గాడులు, స్పిండిల్ ముక్కున రెండు చెవులు ఉంటాయి. చెవి గాడిలో పడకుంటే హోల్డరు కూర్చోదు. కోణం తెలియని మోటారుతో ఈ పని సాగదు.

చుట్లా, బలమా?

దుకాణాల్లో స్పిండిల్ గురించి అడిగితే ముందుగా చెప్పేది చుట్ల సంఖ్య. ఇరవై నాలుగు వేలని గొప్పగా చెబుతారు. చుట్లు ఎక్కువైతే మంచిదన్న అభిప్రాయం పూర్తిగా సరైనది కాదు. శక్తి ఒకటే అయినప్పుడు వేగం పెరిగేకొద్దీ మెలితిప్పే బలం తగ్గుతుంది. 3 కిలోవాట్ల స్పిండిల్ నిమిషానికి 24,000 చుట్లు తిరుగుతున్నప్పుడు దాని మెలితిప్పే బలం దాదాపు 1.2 న్యూటన్ మీటర్లు. అంటే మీటరు పొడవు కర్ర చివర 120 గ్రాముల బరువు వేలాడదీసినంత. అదే 3 కిలోవాట్లను 3,000 చుట్ల వద్ద ఇచ్చే మోటారుకు దాదాపు 9.5 న్యూటన్ మీటర్లు ఉంటుంది. ఆ కర్ర చివర కిలో బరువు అనుకోవచ్చు.

ఏది కావాలన్నది కోసే వస్తువును బట్టి ఉంటుంది. 6 మిల్లీమీటర్ల బిట్టు 18,000 చుట్లు తిరిగితే దాని అంచు నిమిషానికి సుమారు 340 మీటర్ల వేగంతో కర్రను తాకుతుంది. కర్రకు, అల్యూమినియానికి అది తగిన వేగమే. మామూలు ఉక్కును కార్బైడ్ బిట్టుతో కోయాలంటే నిమిషానికి 100 మీటర్ల ప్రాంతంలో ఉండాలి, అప్పుడు అదే బిట్టుకు 5,300 చుట్లు చాలు. పెద్ద డ్రిల్లుకు ఇంకా తక్కువ. కాబట్టి అల్యూమినియం అంచులు గీకే రోబోకు ఇచ్చిన స్పిండిల్‌ను ఉక్కులో పెద్ద రంధ్రాలు వేసే రోబోకు తగిలిస్తే అది మొరాయిస్తుంది.

పట్టు ఎక్కడుంది?

ఈ వ్యాసంలో ముఖ్యమైన భాగం ఇదే. తెనాలిలోని ఏ లేతు షాపుకు వెళ్లినా డ్రిల్లును మోర్స్ టేపర్‌లో దూర్చి ఉంచడం కనిపిస్తుంది. అది సన్నగా సాగే గరాటు. ఒకసారి గట్టిగా దూర్చితే దానంతట అదే పట్టుకుంటుంది. తీయాలంటే మేకు వంటి ఇనుప చీలను దూర్చి సుత్తితో కొట్టాలి. మనిషికి సుత్తి ఉంది గనుక ఇబ్బంది లేదు. గంటకు ఎన్నోసార్లు పనిముట్టు మార్చవలసిన యంత్రానికి ఆ పద్ధతి పనికిరాదు. అందుకే స్వయంచాలక యంత్రాల్లో ఎక్కువ వాలు గల గరాటును వాడుతున్నారు. 24 మిల్లీమీటర్ల పొడవుకు వ్యాసం 7 మిల్లీమీటర్లు మారే ఈ గరాటు తానుగా బిగుసుకోదు. వదలమంటే వెంటనే వదులుతుంది. బీటీ 30, బీటీ 40 అని పిలిచే హోల్డర్లు ఈ కోవలోనివే. బీటీ అన్నది జపాన్ ప్రమాణం, పక్కనున్న అంకె టేపరు పరిమాణాన్ని తెలుపుతుంది.

తానుగా పట్టుకోని దానిని వేరొకటి పట్టుకోవాలి కదా! హోల్డరు వెనుక పుల్ స్టడ్ అనే గుండు తల బోల్టు ఉంటుంది. స్పిండిల్ నడిబొడ్డు గుండా పోయే డ్రాబార్ అనే కడ్డీ చివరి వేళ్లు ఆ తలను పట్టి లోపలికి లాగుతాయి. ఆ కడ్డీని లాగి ఉంచేది కరెంటు కాదు, గాలి కాదు. పళ్లెం ఆకారంలో ఉండే ఉక్కు స్ప్రింగుల దొంతర. బీటీ 30 పరిమాణంలో ఈ లాగుడు సుమారు అర టన్ను బరువుకు సమానమైనదని చెప్పవచ్చు. పనిముట్టును వదలవలసినప్పుడు మాత్రమే గాలి ఒత్తిడితో పనిచేసే పిస్టన్ వెనుక నుంచి నెట్టి స్ప్రింగులను అణచివేస్తుంది.

ఈ ఏర్పాటులోని తెలివిని గమనించాలి. కోత మధ్యలో కరెంటు పోవచ్చు, కంప్రెసర్ ఆగిపోవచ్చు. మన ప్రాంతంలో వేసవిలో ఇది వింత కాదు. పట్టుకోవడం గాలి పని అయి ఉంటే వేల చుట్లు తిరుగుతున్న కట్టరు ఆ క్షణాన ఊడి తూటా వలె దూసుకుపోయేది. పట్టు స్ప్రింగుకు, విడుపు గాలికి అప్పగించినందున ఏది ఆగినా పట్టు మాత్రం నిలుస్తుంది. పైగా పనిముట్టు బిగిసిందా, విడిచిందా, అసలు పనిముట్టే లేకుండా బిగిసిందా అన్న మూడు స్థితులను సెన్సర్లు విడివిడిగా తెలుపుతాయి. బిగిసిందన్న సంకేతం రానిదే స్పిండిల్‌ను తిప్పనివ్వకుండా యంత్రాన్ని కట్టడి చేయాలి. పని తొందరలో ఆ సెన్సరు తీగలను తప్పించి నడిపేవారు అక్కడక్కడా ఉంటారు. అది ప్రాణాలతో చెలగాటమే.

వేగం బాగా పెరిగినప్పుడు మరో చిక్కు వస్తుంది. తిరుగుడు బలానికి స్పిండిల్ రంధ్రం అతి స్వల్పంగా విచ్చుకుంటుంది. డ్రాబార్ లాగుతూనే ఉంటుంది గనుక హోల్డరు మరికాస్త లోపలికి పోతుంది. పనిముట్టు మొన స్థానం మారడమే కాక, యంత్రం ఆగి చల్లబడ్డాక హోల్డరు బిగుసుకుపోతుంది. దీనికి విరుగుడుగా జర్మనీలో హెచ్‌ఎస్‌కే అనే బోలు హోల్డరును రూపొందించారు. 1990లలో అది ఆ దేశ ప్రమాణమైంది. ఇందులో గరాటుతో పాటు హోల్డరు భుజం కూడా స్పిండిల్ ముఖానికి ఆనుతుంది, అందువల్ల అది లోపలికి జరగదు. పట్టే వేళ్లు బోలు భాగం లోపలి నుంచి బయటకు విచ్చుకుని పడతాయి, వేగం పెరిగేకొద్దీ పట్టు బిగుస్తుందే గానీ సడలదు.

హోల్డరు స్పిండిల్‌ను పట్టుకుంటే, బిట్టును పట్టుకునేది కొల్లెట్. నేడు ఎక్కువగా కనిపించే ఈఆర్ కొల్లెట్‌ను 1970లలో స్విట్జర్లాండ్‌కు చెందిన రెగో ఫిక్స్ సంస్థ ప్రవేశపెట్టింది. చీలికలున్న ఈ గొట్టాన్ని ముందుగా నట్టులో టక్కుమనే వరకు దూర్చి, ఆ తరువాత హోల్డరుకు ఎక్కించాలి. చాలామంది కొల్లెట్‌ను నేరుగా హోల్డరులో వేసి పైన నట్టు బిగిస్తారు. బిగిసినట్లే కనిపిస్తుంది. లోపల మాత్రం కొల్లెట్ ఒరిగి ఉంటుంది, విప్పేటప్పుడు బయటకు రాదు. ఈ విలేకరి తలుపు చెక్కిన దుకాణంలోనూ ఇదే అలవాటు కనిపించింది.

కొల్లెట్ ఒరిగినా, పొట్టు చేరినా బిట్టు తన నడిగీత మీద తిరగదు. ఈ తేడాను రన్అవుట్ అంటారు. రెండు అంచుల బిట్టు ఒక్కొక్క అంచుతో 0.05 మిల్లీమీటర్ల పొర తీయాలని లెక్కవేస్తే, 0.03 మిల్లీమీటర్ల రన్అవుట్ ఉన్నప్పుడు ఒక అంచు 0.08, రెండో అంచు 0.02 తీస్తాయి. మొదటి అంచు మోయలేక విరుగుతుంది. రెండోది కోయకుండా రాసుకుంటుంది. రాపిడికి వేడి పుడుతుంది, కర్ర మాడుతుంది. పద్మం రేకులు నల్లబడిన కథ అదే.

చేతి బలహీనత

ఇన్ని జాగ్రత్తలు మామూలు యంత్రానికీ అవసరమే. రోబోకు మరింత అవసరం కావడానికి కారణం ఉంది. పోత ఇనుప దిమ్మె మీద నిలిచే మిల్లింగ్ యంత్రం కదలడం కష్టం. రోబో అన్నది ఒకదానికొకటి అతికిన ఆరు కీళ్ల చేయి. చేయి చాచి బరువు పట్టుకుంటే మన భుజం ఎలా ఊగుతుందో అదీ అలాగే ఊగుతుంది. 10 కిలోల బలంతో నెడితే మంచి మిల్లింగ్ యంత్రం మిల్లీమీటరులో వెయ్యింట రెండు వంతులు జరిగే చోట, రోబో చేయి పదో వంతు, అంతకంటే ఎక్కువ కూడా జరుగుతుంది. అందుచేత రోబోతో లోతుగా, బలంగా కోయరు. వేగంగా తిరిగే చిన్న పనిముట్టుతో పలుచటి పొరలు తీయిస్తారు. స్పిండిల్ బరువు కూడా రోబో మోయవలసిన బరువులోనే చేరుతుంది గనుక అది తేలికగా, పొట్టిగా ఉండాలి. ఇంత ఊగే చేతికి పట్టు కూడా సరిగా లేకపోతే ఫలితం ఊహించుకోవచ్చు.

రోబో చరిత్ర 1961లో అమెరికాలో జనరల్ మోటార్స్ కర్మాగారంలో యూనిమేట్ యంత్రంతో మొదలైంది. అది కాలుతున్న లోహపు పోతలను అచ్చుల నుంచి తీసిపెట్టే పని చేసింది, కోయలేదు. నేటికీ కారు కర్మాగారాల్లో రోబోలు అధికంగా చేసేది వెల్డింగు, రంగు పూత. 2019లో కార్ల ఉత్పత్తి ప్రారంభమైన పెనుకొండ సమీపంలోని కియా కర్మాగారంలో పనిచేసే వందలాది రోబోలను చూసి అన్నీ స్పిండిల్ రోబోలని భావించరాదు. స్పిండిల్ రోబోకు తగిన పనులు వేరు. అల్యూమినియం పోతల అంచున మిగిలే ముళ్ల వంటి రజను గీకడం, విమానాల రేకులకు రంధ్రాలు వేయడం, ఫైబర్ భాగాల అంచులు కత్తిరించడం వంటివి.

రాతి చెక్కడం కూడా ఆ జాబితాలో ఉంది. ఇటలీలోని కరారా పాలరాతి క్షేత్రాల్లో రోబోలు స్పిండిల్ పట్టుకుని విగ్రహాల తొలి రూపం తీస్తున్నాయి. తుది నగిషీ శిల్పుల చేతి మీదుగానే సాగుతోంది. పాత గేర్లు, గొలుసులు, బోల్టులు అతికి నిలువెత్తు విగ్రహాలు నిలబెడుతున్న తెనాలి శిల్పులకు ఈ వార్త భయం కలిగిస్తుందో, ఆశ కలిగిస్తుందో తెలియదు గానీ, తుక్కులో ఏ ముక్క ఎక్కడ అమరుతుందో ఎంచే కన్ను మాత్రం ఇంకా రోబోకు రాలేదు.

పట్టు విద్య మనకు కొత్త కాదు

తెలుగునాట పనిముట్ల పరిశ్రమకు పాత చరిత్రే ఉంది. 1943లో సికింద్రాబాద్‌లో స్థాపితమైన ప్రాగా టూల్స్ తయారుచేసిన లేతు చక్‌లు దేశమంతటా వాడుకలో ఉండేవి. ఆ సంస్థ తరువాత హెచ్‌ఎంటీలో భాగమైంది. పాత లేతు షాపుల్లో ఆ పేరు అచ్చు పడిన చక్‌ను గుర్తుపట్టే మేస్త్రీలు ఇంకా ఉన్నారు. హైదరాబాద్ బాలానగర్‌లో 1968లో ఏర్పడిన కేంద్రీయ ఉపకరణ రూపకల్పన సంస్థ, అనగా సీఐటీడీ, నేటికీ నడుస్తోంది. పదో తరగతి ఉత్తీర్ణులకు ప్రవేశ పరీక్ష ద్వారా టూల్, డై, మౌల్డ్ తయారీలో నాలుగేళ్ల డిప్లొమా అందులో ఉంది. విజయవాడలోనూ దాని శాఖ ఉంది. ఐటీఐలో టర్నర్, మెషినిస్ట్ ట్రేడ్లు చదివినవారికి ఈ విద్య మొదటి మెట్లు పరిచితమే.

రోబోకు దారి చెప్పే ప్రోగ్రాము రాయడం నేడు చాలామంది నేర్చుకుంటున్నారు. స్పిండిల్ శబ్దం విని బేరింగు చెడిందని చెప్పగలవారు, హోల్డరు మీద తుప్పు రంగు మచ్చ చూసి టేపరు సరిగా ఆనడం లేదని గుర్తించేవారు మాత్రం అరుదు. యంత్రం ఆగినప్పుడు ముందుగా వెతికేది వారినే.

కావలసిన జాగ్రత్తలు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఉదయం యంత్రం వేయగానే పూర్తి వేగానికి తీసుకుపోకుండా పది, పదిహేను నిమిషాలు నెమ్మదిగా తిప్పి బేరింగులను వెచ్చబడనివ్వాలి. హోల్డరు మార్చిన ప్రతిసారీ టేపరును మెత్తటి బట్టతో తుడవాలి. రోబో గదుల్లో ఈ పనిని గాలి ఊదుడు చేస్తుంది గానీ, ఆ గాలే తడిగా ఉంటే మేలు కంటే కీడు ఎక్కువ. మన డెల్టాలో గాలిలో తేమ అధికం. కంప్రెసర్ ట్యాంకు అడుగున చేరిన నీటిని రోజూ వదలకుంటే ఆ నీరే గొట్టాల గుండా వెళ్లి టేపరుకు తుప్పు పట్టిస్తుంది. స్ప్రింగుల దొంతర సైతం లక్షలసార్లు అణగి లేచేసరికి అలసిపోతుంది. బయటకు ఏమీ కనిపించదు, పట్టు మాత్రం నెలనెలా తగ్గుతుంది. అందుకే లాగుడు బలాన్ని కొలిచే గేజితో అప్పుడప్పుడు పరీక్షించాలి. తిరుగుతున్న స్పిండిల్ వద్ద చేతి తొడుగులు ధరించరాదు. రక్షణ కోసం వేసుకున్న తొడుగే చేతిని లోపలికి లాగుతుంది. ఈ ఒక్క మాట కొత్తగా పనిలో చేరేవారు మరువరాదు.

ఇంతకూ ఆ దుకాణదారుడు కొత్త కొల్లెట్ తెప్పించాడు. దాని వెల కొన్ని వందల రూపాయలే. నట్టులో టక్కుమనిపించి, హోల్డరుకు ఎక్కించి, డయల్ గేజి ముల్లు ఆనించి చేతితో తిప్పి చూశాడు. ముల్లు కదలిక కంటికి ఆనలేదు. కుడి తలుపు మీది పద్మం నునుపుగా వచ్చింది. ఎడమ తలుపును గరుకు కాగితంతో రుద్ది రంగు పూయించినా, ఎండ ఏటవాలుగా పడే వేళ ఆ నల్లటి అంచులు ఇప్పటికీ కనిపిస్తాయి.